తెల్లగుడ్డ కట్టిన బకెట్

ఆ వీధిలో ఇస్త్రీ కొట్టు అక్కకు మూడు రకాల మనుషులంటే ఒళ్ళు మంట. జేబులో కలం మరిచిపోయి బట్టలు వేసేవాళ్ళు ఒకరు, గంజి పలచగా కాచేవాళ్ళు ఇంకొకరు, చెప్పిన మాట వినని వాళ్ళు మూడో రకం. ఈ ముగ్గురినీ ఒకే మనిషిలో కుక్కి దేవుడు ఆమెకు తమ్ముడిగా పంపించాడు.

అక్క అంటే వీధి మొత్తానికీ అక్కే. ఆమెకన్నా పదిహేనేళ్ళు పెద్దవాళ్ళు కూడా "అక్కా, రేపటికి అయిపోతాయా?" అని బతిమాలుతూ వచ్చేవాళ్ళు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, మధ్య గదిలో ఉతుకుడు, చివరి గదిలో మొన్నమొన్నటిదాకా విరిగిన కుర్చీలు. ఇరవై ఏళ్ళుగా ఆ మూడు గదులూ ఆమె కనుసన్నల్లో నడిచాయి.

కొట్లో ఒకే ఒక చట్టం ఉండేది. ఏ బకెట్‌లో ఏముందో దాని పిడికి కట్టిన గుడ్డ చెప్పాలి. తెల్లగుడ్డ ఉంటే గంజి. నీలం గుడ్డ ఉంటే నీలిమందు. ఎర్రగుడ్డ ఉంటే బ్లీచింగు, వేలు పెడితే తోలూడుతుంది. పదేళ్ళ కిందట ఎవరో ఒక పెళ్ళికొడుకు నల్లకోటును బ్లీచింగులో ముంచి దానికి చిరుతపులి మచ్చలు తెప్పించాక పుట్టిన చట్టమిది. ఆ 'ఎవరో' అక్కేనని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు అక్క, రెండోవారు పెళ్ళికొడుకు.

తమ్ముడు కాగితం మిల్లులో, కాగితం నాణ్యత పరీక్షించే గదిలో పనిచేసేవాడు. ఆర్నెల్ల కిందట మిల్లు మూతపడింది. ఇంకొకరైతే వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. ఇతగాడు బండెడు మొక్కజొన్న చొప్ప తోలుకొచ్చి అక్క గుమ్మం ముందు దింపించాడు.

"పశువులేవిరా?" అంది అక్క, బండి వెనక్కి తొంగి చూసి.

"పశువులకు కాదక్కా. ఇది నాకే."

"నీకా? ఉద్యోగం పోయి మూడు రోజులే కదరా, అప్పుడే ఇంతదాకా వచ్చిందా?"

తమ్ముడు నవ్వలేదు. చొప్ప గురించి మాట్లాడేటప్పుడు అతనికి నవ్వు రాదు. కంకులు కోసుకున్నాక రైతులు ఈ చొప్పనంతా పొలంలోనే తగలబెట్టేస్తున్నారని, ఇందులో బంగారం లాంటి పీచుందని, దాన్నే సెల్యులోజ్ అంటారని, దాన్ని విడదీసి మెత్తగా నలగ్గొట్టి కాగితం మీద పూతగా పూస్తే నూనె చుక్క కూడా అవతలికి దాటదని, ప్లాస్టిక్ పూతతో ఇక పనే లేదని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. అక్కకు అర్థమైందల్లా ఒక్కటే, చివరి గది తాళంచెవి ఇవ్వాలని. ఇచ్చింది. అద్దెకు బదులు రోజూ పొద్దున్నే గంజి కాచి, బకెట్‌ను ఆ గది గుమ్మం పక్కన పెట్టాలని షరతు పెట్టింది.

అప్పట్నుంచి వీధి అతనికి 'చొప్ప సైంటిస్టు' అని పేరు పెట్టింది. చొప్ప చిన్న ముక్కలుగా నరికి కాస్టిక్ సోడాలో ఉడకబెట్టేవాడు. ఏడుసార్లు కడిగేవాడు. తెల్లబరిచేవాడు. ఆ మెత్తటి ముద్దను నీళ్ళలో కలిపి గ్రైండర్‌లో వేసి నలభైసార్లు తిప్పేవాడు. ఉడికేటప్పుడు వచ్చే వాసన గురించి చెప్పకపోవడమే మర్యాద, కానీ చెప్పకపోతే అక్కకు అన్యాయం చేసినట్టవుతుంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని "లోపల ఏదైనా చచ్చిందా అక్కా?" అని అడిగేవాళ్ళు.

"ఇంకా లేదు," అనేది అక్క, చివరి గది వైపు పళ్ళు నూరుతూ.

తొమ్మిది రోజుల చాకిరీకి ఒక్క బకెట్ సరుకు తయారయ్యేది. తెల్లగా, చిక్కగా, నిగనిగలాడుతూ ఉండేది. మొదటి బకెట్ చూపించిన రోజు అక్క అందులో వేలు ముంచి చూసి, "దీంట్లో చొప్ప ఎంతుందిరా?" అని అడిగింది.

"నూటికి రెండు పాళ్ళు."

"మిగతాది?"

"నీళ్ళు."

"అంటే తొమ్మిది రోజుల నుంచి నా కరెంటుతో నీళ్ళు రుబ్బుతున్నావా?"

ఈ ముక్క ఆ సాయంత్రానికల్లా వీధి చివరిదాకా పాకింది. తమ్ముడు కొన్నాళ్ళు తల వంచుకుని నడిచాడు.

అక్క చెడ్డది కాదు. కాకపోతే ఆమె ఓపికకూ ఒక అంచుంది. వాసనకు జడిసి ఖాతాదారులు ఎదురు సందులోని కొట్టుకు మళ్ళుతున్నారు. వానాకాలం వస్తోంది, బట్టలు ఆరేసే యంత్రం తెప్పించుకోవాలి, దానికి గది కావాలి. ఒకరోజు గుండె రాయి చేసుకుని చెప్పేసింది. "నెలాఖరుదాకా చూస్తాన్రా. ఆ తర్వాత గది నాది."

తమ్ముడు "అలాగే అక్కా" అన్నాడు. ఎదురు మాట్లాడకపోయేసరికి అక్కకు ఆ రోజు అన్నం సయించలేదు.

అతని ఆశంతా బేకరీ షావుకారు మీదే. ఆయన బన్నులు వెన్నతో తడిసి ముద్దగా ఉంటాయని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ వెన్న కాగితాన్నీ తడిపి, సంచినీ తడిపి, కొన్నవాడి చొక్కా దాకా వచ్చేది. ప్లాస్టిక్ పూత కాగితాలు వాడొద్దని ఈమధ్యే ఆంక్షలొచ్చాయి. తమ్ముడు తన పూత కాగితం పట్టుకుని రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి కాగితం చినిగింది. రెండోసారి బ్రహ్మాండంగా నిలబడింది, అంతే షావుకారుకు అనుమానం మొదలైంది.

"ఎక్కడో కొనుక్కొచ్చి చూపిస్తున్నావేమోనయ్యా. నేను కళ్ళతో చూడందే నమ్మను. రేపు పదకొండుకు ఏప్రాన్లు తీసుకోడానికి మీ అక్క కొట్టుకు వస్తాను. నా ఎదురుగా పూసి చూపించు. బాగుంటే సరే, లేకపోతే సాయంత్రం ఇంకొకళ్ళతో మాట ఖాయం చేసుకుంటా."

ఏప్రాన్లంటే బేకరీలో పనివాళ్ళు కట్టుకునే తెల్లటి పన్నెండు ఏప్రాన్లు. వారానికి మూడుసార్లు వెన్న మరకలతో వచ్చేవి, మల్లెపువ్వుల్లా తిరిగి వెళ్ళేవి. అక్క కొట్లో సగం పని వాటిదే.

ముందురోజు సాయంత్రం తమ్ముడు నిండు బకెట్ పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, దీనికి ఏ రంగు గుడ్డ కట్టను? నువ్వు ఎప్పుడూ తిడతావు కదా, నా బకెట్లకు గుర్తు ఉండదని."

అక్క చేతిలో అయిదుగురు అక్కచెల్లెళ్ళ పరికిణీలు, అన్నీ కుచ్చిళ్ళే. తలెత్తకుండానే విసుక్కుంది. "నెలాఖరుకు పోయేదానికి రంగెందుకురా? ఉన్నవే మూడు రంగులు. ఏదో ఒకటి కట్టు."

తమ్ముడు బకెట్‌తో లోపలికి వెళ్ళాడు. సరుకు తెల్లగా ఉంది కాబట్టి తెల్లగుడ్డ కట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క చెప్పిన మాట అతను విన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున్న యథాప్రకారం గంజి కాచాడు. అది పొగలు కక్కుతుంటే చల్లారడానికి పెరట్లో గట్టు మీద పెట్టాడు. షావుకారు రాగానే చేతికి అందాలని తన బకెట్ తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. పూత పూయడానికి మంచి కాగితం కోసం బజారుకు వెళ్ళాడు.

అక్క వచ్చింది. గుమ్మం పక్కన బకెట్ ఉంది, బకెట్‌కు తెల్లగుడ్డ ఉంది. ఇంకేం చూడాలి? చెయ్యి పెట్టింది. చల్లగా, చిక్కగా, ఎక్కడా ఉండ లేకుండా జారింది. 'వీడికి ఇన్నాళ్ళకు గంజి కాయడం వచ్చింది' అనుకుని మురిసిపోయింది. షావుకారు ఏప్రాన్లు పన్నెండూ అందులో ముంచి, పిండి, ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ పట్టింది. బకెట్ అడుగున మిగిలింది కూడా వృథా పోనివ్వకుండా నాడాలకు రుద్దింది. తర్వాత బకెట్ కడిగి బోర్లించింది. శుభ్రం విషయంలో ఆమెను వేలెత్తి చూపించేవాడు పుట్టలేదు.

మూడో ఏప్రాన్ దగ్గరే ఏదో తేడా అనిపించింది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ గాజులా మెరిసింది. మడత పెట్టబోతే మడత పడలేదు. గోడకు ఆనిస్తే నిలబడింది. పన్నెండూ అయ్యేసరికి తలకాయలు లేని పన్నెండుమంది మనుషులు గోడవారగా బారులు తీరి నిలబడ్డట్టయింది. 'గంజి కాస్త ఎక్కువైంది' అనుకుంది అక్క, కానీ ఆమె మనసు కీడు శంకించింది.

పదిన్నరకు తమ్ముడు కాగితం చుట్ట చంకలో పెట్టుకుని హుషారుగా వచ్చాడు. గుమ్మం పక్కన చూశాడు. గది లోపల చూశాడు. మళ్ళీ గుమ్మం పక్కన చూశాడు.

"అక్కా, ఇక్కడో బకెట్ ఉండాలి."

"గంజి బకెట్టేగా? అయిపోయింది, కడిగేశా."

"గంజి పెరట్లో ఉందక్కా."

ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు. పన్నెండు ఏప్రాన్లూ వాళ్ళ వైపు చూశాయి.

అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. "తెల్లగుడ్డ కట్టి ఉందిరా," అంది.

"అవునక్కా. నేనే కట్టాను." తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపు కాగితం చుట్టను ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. "పోనీలే. నీకు చెప్పి వెళ్ళాల్సింది."

అరిచి ఉంటే బాగుండేది. బకెట్ ఎత్తి కొట్టినా బాగుండేది. ఏదో ఒకటి కట్టు అన్నది తానే. నెలాఖరుకు పోయేదన్నదీ తానే. అక్కకు దుఃఖం ముంచుకొచ్చింది, ఆమెకు దుఃఖం వస్తే కోపం రూపంలోనే బయటికొస్తుంది. "రెండు బకెట్లు చేసుకుని ఉంచుకోవాలని తెలీదురా నీకు? బుర్రలో కూడా చొప్పే ఉందా?"

"తొమ్మిది రోజులు పడుతుందక్కా ఒకటి చెయ్యడానికి."

"పోనీ పెరట్లో గంజి ఉందిగా. అదీ తెల్లగానే ఉంది. అదే పూసెయ్యి, ఆ షావుకారుకేం తెలుస్తుంది?"

"వెన్న కారిపోతుంది. కారకపోయినా నేను పూయను." అంత మెత్తటి మనిషీ ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు. లేచి చివరి గదిలోకి వెళ్ళి, అట్టపెట్టెలో పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాడు. తలుపు తెరిచే ఉంది. అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. చిన్నప్పుడు పరీక్ష పోయినప్పుడు కూడా ఇలాగే వీపు తిప్పుకుని పుస్తకాలు సర్దేవాడు. అక్క చూడలేక కళ్ళు తిప్పుకుంది.

సరిగ్గా పదకొండుకు షావుకారు వచ్చాడు. చేతిలో వెన్న రాసిన బన్ను ఉంది. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక బన్ను ఉంటుంది, జేబులో ఇంకొకటి ఉంటుంది. బయట ఎక్కడా తినడు, ఎవరినీ నమ్మడు.

"ఏమ్మా, ఏప్రాన్లు..." అంటూ ఒకదాన్ని ఎత్తి, వేలితో తట్టాడు. అది తలుపు కొట్టినట్టు టకటకమంది.

షావుకారు ముఖం ఎర్రబడింది. "ఇవి ఏప్రాన్లా, కిటికీ రెక్కలా? మా వాళ్ళు పిండి పిసకాలమ్మా, కోట గోడకు కాపలా కాయడం కాదు!"

"ఇవాళ గంజి కాస్త..."

"కాస్తా? ఇదిగో చూడు, నువ్వే చూడు!" ఆయన ఆవేశంగా ఏప్రాన్ తగిలించుకుని వెనక నాడాలు బిగించి ముడేశాడు. వంగబోయాడు. ఏప్రాన్ వంగలేదు కాబట్టి ఆయనా వంగలేదు. చేతులు చెరోపక్కకూ చాచుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఆ ఊపులో చేతిలోని బన్ను జారి, వెన్న ఉన్న వైపు గుండెల మీద పడి, పొట్టదాకా జారుతూ వచ్చి నేల మీద పడింది.

అక్క ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు ఆమెను పరుగెత్తించింది. వెన్న మరకను నిమిషంలో పట్టుకోవాలి, గుడ్డ తాగిందంటే ఇక అది గుడ్డదే. పొడిగుడ్డ పట్టుకుని వెళ్ళి అద్దింది. అద్ది, ఆగిపోయింది.

వెన్న గుడ్డలోకి దిగలేదు. ఆకు మీద నీటిబొట్టులా పైపైనే ఉంది. తుడిస్తే మొత్తం వచ్చేసింది. అక్క వెలుతురు వైపు తిప్పి చూసింది. వేలితో రాసి చూసింది. ఏప్రాన్ అంచు ఎత్తి వెనక వైపు తడిమింది. పొడిగా ఉంది. ఆ ఊళ్ళో మరకల గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు, తెలిసినంతలో ఇలాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు.

షావుకారు పైకప్పు వైపు చూస్తూ తిడుతున్నాడు, ఆయనకు తల వంచే వీలు లేదు. తమ్ముడు అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు. ఆ క్షణంలో లోకంలో ఈ సంగతి తెలిసింది అక్క ఒక్కదానికే.

అప్పుడే ఆమెకు ఇంకో సంగతీ తట్టింది. వెన్న అంటని ఏప్రాన్లను ఎవడు ఉతికిస్తాడు? వారానికి మూడు మోపులు, కొట్లో సగం పని, అన్నీ ఆ మరకల పుణ్యమే. 'క్షమించండి షావుకారు గారూ, మళ్ళీ ఉతికి ఇస్తాను' అని ఒక్క మాటంటే చాలు. ఎవరికీ తెలియదు. మరకలు ఉంటాయి, కొట్టు ఉంటుంది, చివరి గదిలోకి యంత్రం వస్తుంది.

అక్క తమ్ముడి వీపు వైపు చూసింది. నలభైసార్లు రుబ్బిన భుజాలు అవి. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"షావుకారు గారూ, మీ జేబులో ఇంకో బన్ను ఉండాలి. ఇలా ఇవ్వండి."

"ఎందుకూ?"

అక్క ఆయన జేబులో చెయ్యి పెట్టి బన్ను తీసింది, రెండుగా చీల్చింది, వెన్న వైపు ఏప్రాన్ మీద పెట్టి పైనుంచి కిందికి బరాబరా రుద్దింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి శుభ్రమైన బట్ట మీద కావాలని మరక వెయ్యడం ఆమెకు అదే మొదటిసారి.

"అమ్మో! నీకు మతి గానీ పోయిందా?"

"చూడండి." అక్క ఒక్క తుడుపు తుడిచింది. ఏప్రాన్ తెల్లగా మెరిసింది. "ఇది నా గంజి కాదు. మా తమ్ముడి చొప్ప. ఒరేయ్, అవతల పారెయ్యరా ఆ పెట్టె! ఇలా రా!"

తమ్ముడు తాడు చేతిలో పట్టుకునే వచ్చాడు. అక్క కుట్టుమిషను నూనె డబ్బా అందించింది. అతను ఏప్రాన్ మీద చుక్కలు వేశాడు. చుక్కలు గుండ్రంగా నిలబడి జారిపోయాయి. షావుకారు కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన నమ్మే మనిషి కాదు గదా, గోడ దగ్గరున్న పదకొండింటి మీదా వరసగా చుక్కలు వేయించాడు, పదకొండింటినీ తానే తుడిచాడు.

"నా కళ్ళ ముందు చెయ్యమన్నాను," అన్నాడు చివరికి. "నువ్వు నా ఒంటి మీదే చేశావు. ఇక అనుమానానికి చోటెక్కడిది?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటండీ. నీళ్ళు తగిలితే మాత్రం ఇది మెత్తబడుతుంది."

అక్క అతని మోచెయ్యి గిల్లింది. చెప్పకూడని వేళ చెప్పకూడని మాట చెప్పడం వీడికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

"బన్నుల మీద నీళ్ళెవడు పోస్తాడయ్యా?" అన్నాడు షావుకారు. "తొమ్మిది రోజులు ఆగుతా. వంద కాగితాలు పూసి తీసుకురా. ఆ రెండోవాళ్ళకు ఇప్పుడే వద్దని చెప్పేస్తా. ఇంకో మాట, ఈ ఏప్రాన్లు భలే ఉన్నాయి. ఇక వీటిని ఉతికించే పనే లేదన్నమాట!"

అక్క గుండె గుభేలుమంది. అయినా పైకి నవ్వింది. "అవునండీ. లేదు."

షావుకారు సంతోషంగా కుర్చీలో కూర్చోబోయాడు. ఏప్రాన్ కూర్చోలేదు. కింద అంచు కుర్చీకి తగిలి, పై అంచు వెళ్ళి ఆయన గడ్డానికి తన్నింది. ఆయన మళ్ళీ నిలబడి విప్పబోయాడు. గట్టిపడ్డ నాడాలు ముడిలో ఇనుప తీగల్లా బిగుసుకున్నాయి. తమ్ముడు లాగాడు. షావుకారు తిరిగాడు. తమ్ముడు కూడా ఆయన చుట్టూ తిరిగాడు.

"కొయ్యండయ్యా కత్తెరతో!"

"వీల్లేదు!" అంది అక్క. బట్ట కొయ్యడం ఆమె వల్ల కాదు. ఇస్త్రీ బల్ల మీది నీళ్ళ సీసా తెచ్చి ముడి మీద చిలకరించింది. ముడితో మొదలుపెట్టి ఆయన వీపూ, పొట్టా అన్నీ తడిపింది. రెండు నిమిషాలకు ఏప్రాన్ నీరసించి వేలాడింది, ముడి దానంతటదే వదిలింది. షావుకారు తడిసిన పిల్లిలా బయటపడ్డాడు.

"కాగితానికి చాలు," అన్నాడు, గడ్డం రుద్దుకుంటూ. "మనుషులకు వద్దు. ఇవి పన్నెండూ మామూలుగా ఉతికి పంపించమ్మా. వెన్న మరకలంటే నాకిప్పుడు కోపం లేదు."

ఆయన వెళ్ళాక తమ్ముడు కాగితం చుట్ట విప్పడం, మళ్ళీ చుట్టడం చేస్తూ కూర్చున్నాడు. "అక్కా," అన్నాడు నెమ్మదిగా, "తొమ్మిది రోజులంటే నెలాఖరు దాటుతుంది. నువ్వు గది అడిగావు కదా. మిల్లు వెనక ఒక పాక ఖాళీగా ఉందట, కనుక్కుంటా."

అక్క చలికాలం తలకు కట్టుకునే ఆకుపచ్చ రుమాలు అలమరలోంచి తీసింది. అది ఆమెకు ఇష్టమైన రుమాలు, పదేళ్ళుగా దానికి ఒక్క మరక అంటనివ్వలేదు. ఇందాక షావుకారుకు కాదన్న కత్తెరే తీసి, దాని అంచు నిలువునా కోసింది. బోర్లించిన బకెట్‌ను తిప్పి పెట్టి, ఆ ముక్కను దాని పిడికి రెండు ముళ్ళు వేసి కట్టింది.

తమ్ముడు ఆ బకెట్ వైపూ, అక్క వైపూ చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి ఆరేసే యంత్రమో?"

"ముందు గదిలో పెట్టుకుంటా. నేను కాస్త ఒదిగి నిలబడతా, నాకేం పోతుంది?" అంది అక్క. తడిసిన ఏప్రాన్‌ను భుజాన వేసుకుని, మిగతా పదకొండింటినీ పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి వేడినీళ్ళ తొట్టి వైపు మోసుకెళ్తూ వెనక్కి తిరిగింది. "చొప్ప ఉడకబెట్టే ముందు ఆ కిటికీ తెరువు. రేపట్నుంచి గంజి కూడా అంత నున్నగా కాచి చూపించు."